చదివాను, బాగుంది

"ఇవన్నీ నేనెప్పుడు చదివానండీ?"

కంప్యూటర్ తెర మీద వేలు ఆనించి సూదమ్మ అడిగింది. తెర పైనుంచి కిందదాకా ఒకటే మాట: "చదివాను. బాగుంది." ఆ మాట పక్కన ప్రతిచోటా తన పేరే. ఇంటింటికీ తిరిగి ఇంజెక్షన్లు ఇచ్చే నర్సుకు వీధివాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరది. ఇప్పుడు ఆ పేరు, ఆవిడకు తెలియకుండా, ఆవిడ ఎన్నడూ చూడని చోట సంతకమై కూర్చుంది.

రాత్రి ఈ సంగతి కంటబడ్డప్పటి నుంచీ సూదమ్మకు కునుకు లేదు. తెల్లవారి ముఖం కూడా కడుక్కోకుండా కింది వాటాలో ఉన్న మొగుడి దుకాణంలోకి వచ్చి పడింది. అది ఫోన్లు బాగుచేసే దుకాణం. ఆయన చిన్న స్క్రూడ్రైవరు వేళ్ల మధ్య తిప్పుకుంటూ, తేలు కుట్టిన దొంగలాగా కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

"మిమ్మల్నే. మీ గొలుసులో నాకు ఒక్క ముక్క అర్థం కాదు. నేను చదివి బాగుందని ఎలా అన్నాను?"

"నేనే పెట్టాను."

"నా పేరుతోనా?"

"నీ పేరుతోనే. నీకో తాళంచెవి చేయించి, దాంతో నేనే సంతకం పెట్టా."

గొలుసు అంటే ఆయనా, ఆయన తమ్ముడు చిన్నోడూ కలిసి రాసిన ప్రోగ్రాం. జనం పారేసిన పాత ఫోన్లలో దాన్ని ఎక్కించి కిటికీల్లో పెడితే చాలు, టవరు లేకపోయినా ఒక ఫోను పక్కింటి ఫోనుకు, అది ఆ పక్కింటి ఫోనుకు కబురు అందిస్తూ పోతుంది. దాన్ని వాళ్లు దాచుకోలేదు. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దచ్చు, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. ఒక్కటే కట్టుబాటు. ఎవరు ఏం రాసినా, రాసినవాడు కాక, తాళంచెవి అనే రహస్య సంకేతం ఉన్న ఇంకొకరు చదివి సంతకం పెట్టాలి. అప్పుడే అది ఫోన్లలోకి వెళుతుంది.

ఆ కట్టుబాటు పెట్టిన పెద్దమనిషే దానికి కన్నం వేశాడు.

"ఏం చేయమంటావు?" అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. "చిన్నోడు ఉద్యోగంలో పడి చదవడం తగ్గించేశాడు. ఇవాళ మధ్యాహ్నం పాత నెట్‌వర్కు ఆపేస్తున్నారు. నీ ముసలివాళ్ల మెడల్లో ఉన్న, ఆపదొస్తే నొక్కి నిన్ను పిలిచే మీటలన్నీ దాని మీదే పనిచేస్తున్నాయి. అవి మూగబోయేలోపు గొలుసు కొత్తది పంపాలి. అంతా నీ రోగుల కోసమే..."

"నా రోగుల పేరెత్తకండి!"

అరుపుకు దుకాణం ముందు ఊడుస్తున్న పక్కింటావిడ చీపురు ఆపి మరీ చూసింది. సూదమ్మ వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. గొంతు తగ్గించింది గానీ వేడి తగ్గలేదు.

"మా ఆసుపత్రిలో బలమైన మందు ఎక్కించాలంటే ఇద్దరం ఉండాలి. ఒకరు సిరంజిలోకి తీస్తాం. రెండో మనిషి సీసా చేతిలోకి తీసుకుని పేరు, మోతాదు పైకి చదివి సంతకం పెట్టాలి. ఒకసారి నేను సీసా చూడకుండానే సంతకం పెట్టబోయాను, పక్కమ్మాయి నా స్నేహితురాలు కదా అని. మా పెద్ద నర్సు నా చేతిలో పెన్ను లాక్కుని విసిరేసింది. 'స్నేహం క్యాంటీన్లో చేసుకో, ఇక్కడ చదువు' అంది. ఆ రోజు నుంచీ ఇవాళ్టిదాకా చదవకుండా నేను గీత కూడా గీయలేదు. అలాంటిది నా పేరుతో..."

ఏడుపు వస్తే ఆయనకు జాలి పుడుతుందని, జాలిపడే అవకాశం ఆయనకు ఇవ్వడం ఇష్టం లేక ఆవిడ పళ్లు బిగించింది.

"చిన్నోడికి తెలుసా?"

ఆయన వేళ్ల మధ్య స్క్రూడ్రైవరు తిరగడం ఆగింది.

"తెలుసన్నమాట! అందుకేనా పైవాటాలో వేరే పొయ్యి పెట్టుకున్నాడు?"

అది చూసి సూదమ్మకు మరో చెంపా వాచింది. ఇన్నాళ్లూ ఆవిడ తన నోటినే తిట్టుకుంటోంది. మరిది టవర్ల కంపెనీలో చేరి, పొద్దస్తమానం వీధుల వెంట తిరిగి సిగ్నల్ కొలిచి, ఆకలితో నకనకలాడుతూ వచ్చి మూడోసారి అన్నం వడ్డించమన్నప్పుడు, "నీ కంచం నింపాలంటే ఇంకో పొయ్యి కావాలోయ్!" అని నవ్వింది. ఆ వారమే అతను నిజంగానే ఇంకో పొయ్యి కొనుక్కుని పైకి వెళ్లిపోయాడు. తనవల్లే ఇల్లు రెండైందని ఆవిడ ఎన్ని ముద్దలు మింగలేక వదిలేసిందో!

"రాయండి," అంది సూదమ్మ.

"ఏం రాయాలి?"

"జరిగింది. గొలుసు చదివే వాళ్లందరికీ. మీరు రాసినదానికి మీరే సంతకం పెట్టుకున్నారని."

"ఇప్పుడా? రాస్తే ఇవాళ విడుదల ఆగిపోతుంది. మధ్యాహ్నానికి మీటలన్నీ..."

"ఆగనివ్వండి. మీట మూగదని తెలిస్తే నేను వెళ్లి పక్కన కూర్చుంటా. పనిచేస్తోందని నమ్మి పడుకున్నాక అది మోగకపోతే? అప్పుడు ఎవరు కూర్చుంటారు?"

ఈ మాటల మధ్యలోకి అత్తగారు కాఫీ గ్లాసులతో దిగింది. మెట్ల మీద అంతా వినే వచ్చిందని ఆవిడ ముఖమే చెబుతోంది.

"కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందమ్మాయ్. ఇంటి గుట్టు ఊరందరికీ చాటుకోవాలా? వాడేమైనా దొంగతనం చేశాడా? పెళ్లాం పేరు వాడుకున్నాడు, అంతేగా."

"అత్తయ్యా, రేపు మీకు నేను ఇంజెక్షన్ ఇవ్వాలనుకోండి. మందు సీసా ఎవరూ చూడలేదు, మా ఆయన పేరుతో నేనే సంతకం పెట్టుకున్నాను. పొడిపించుకుంటారా?"

అత్తగారు చేతిని చటుక్కున కొంగు కింద దాచుకుంది. "అదేం మాట, పొద్దున్నే!" అంది. తర్వాత కొడుకు ముందు గ్లాసు పెట్టి, "రాయరా. తప్పు చేసినవాడికి తలవంపులు ఒక్కరోజే. దాచుకున్నవాడికి రోజూనే," అంది.

ఆయన రాశాడు. పెద్ద మాటలేం లేవు. నా భార్యకు ఏమీ తెలియదు, ఆ సంతకాలన్నీ నావే, వాటి కింద ఉన్న రాత ఎవరూ చదవలేదు, నా తాళంచెవి వెనక్కి ఇచ్చేస్తున్నాను, క్షమించమని అడిగే ముఖం లేదు. అంతే. పంపే మీట నొక్కి, కుర్చీలోంచి లేచి, దుకాణం మూలకు వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సూదమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు తిట్లు వస్తాయి, వాటిని మొగుడి కంటే ముందు తనే చూడాలని. కోపం కోపమే, కాపురం కాపురమే.

మొదటి జవాబు కాసేపటికే వచ్చింది. అర్ధచెంచా అనే పేరుగలవాడు. ఎక్కడో ఓడలో వంట చేస్తాడట, ఇంతకుమించి ఎవరికీ తెలియదు. "చాలా బాధగా ఉంది. నిన్ను చూసి ఈ కట్టుబాటు నేర్చుకున్నాను నేను," అని రాశాడు. ఆ వాక్యం చదివి వినిపిస్తే ఆయన నుదురు గోడకు ఆనించాడు. దాని కింద మరో వాక్యం ఉంది: "ఫోనుకు ఫోను దొరకబుచ్చుకునే భాగం నేను చదువుతున్నాను. ఎవరూ మళ్లీ ఆ భాగం తీసుకోకండి."

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. "కబుర్లు దాచే భాగం నాది." "బ్యాటరీ భాగం నేను చూస్తా, మా అబ్బాయిని బడిలో దింపి వస్తున్నా." "నాకు జ్వరం, అయినా చిన్న ముక్క ఏదైనా ఇవ్వండి." ఒకడు మాత్రం, "ఇలాంటివాణ్ణి ఇన్నాళ్లు నెత్తిన పెట్టుకున్నాం," అని ఈసడించాడు. ఈసడించి, వాడూ ఒక భాగం అడిగి తీసుకున్నాడు!

సూదమ్మ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. వీళ్లలో ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఏ ముసలివాళ్ల మెడలో మీట ఉందో, అది మోగకపోతే ఏమవుతుందో వీళ్లకు చెప్పినవారు లేరు. జీతం లేదు, భత్యం లేదు, శభాష్ అనే నాథుడు లేడు. అయినా ఇంట్లో నీళ్లబిందె ఒలికితే తలో గుడ్డ పట్టుకుని వంగినట్టు ఇంతమందీ వంగారు. వార్డులో అందరికీ ఒకేసారి ప్రాణం మీదికి వచ్చిన రోజున ఇలాంటి మనుషుల్ని చూసింది ఆవిడ. ఇన్నేళ్లుగా మొగుడూ మరిదీ తెర ముందు వంగి కూర్చుంటే, కాలక్షేపమనుకుంది. ఇంతటి పని అని ఎన్నడూ అనుకోలేదు. ఆయన మీద మండుతున్న కడుపులోనే, ఇంతమందిని కూడగట్టినవాడు కూడా ఆయనే కదా అని గర్వం పుట్టుకొచ్చింది. ఆ గర్వం వెనకే మళ్లీ కోపం వచ్చింది. ఇంత మంచి పని చేసినవాడు అంత చెత్త పని ఎలా చేశాడు!

"తాబేలు వచ్చిందా?" అన్నాడు ఆయన గోడవైపు నుంచే.

తాబేలు అంటే ఆ గుంపులో అందరికంటే నెమ్మదిగా చదివే మనిషి. ఆడో మగో తెలియదు కాబట్టి ఈ ఇంట్లో "అది" అనే అంటారు. తాళంచెవి ఇస్తామంటే, "వద్దు, నా కోసం ఎవరూ ఆగకూడదు," అన్నది. కానీ తాబేలు చదివిందంటే చదివినట్టే.

"వచ్చింది. ఏదో అడిగింది చూడండి."

ఆయన గోడ వదిలి వచ్చి చూశాడు. తాబేలు ఒక్క ప్రశ్న వేసింది: "బ్యాటరీ మిగలడానికి ఫోను మధ్యమధ్య నిద్రపోతుందన్నావు, సరే. పక్కపక్క ఫోన్లు రెండూ ఒకేసారి నిద్రపోతే?"

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది? చెప్పండి!"

"నేను రాసిందే అది. రెండూ ఒకేసారి నిద్రపోతే... కబురు అక్కడే ఆగిపోతుంది. రెండూ లేచేదాకా."

"రాత్రి డ్యూటీలో ఉన్న ఇద్దరు నర్సులూ ఒకేసారి కునుకు తీసినట్టు."

"అంతే."

సూదమ్మకు కుట్టు తాత గుర్తొచ్చాడు. వీధి చివర ఒంటరిగా ఉంటాడు, గుండె బలహీనం. జీవితమంతా బట్టలు కుట్టిన ఆ చేతికి ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమే. ఆయన కిటికీకీ తన కిటికీకీ మధ్య సరిగ్గా రెండే ఫోన్లు ఉన్నాయి. ఆ రాత కింద ఉన్న సంతకం తనది. చదివాను, బాగుంది.

దిద్దుబాటు అర్ధచెంచానే రాసి పంపాడు, ఓడలో ఏ పొయ్యి మీద ఏం మాడిందో ఏమో. తాబేలు చదివి సరే అంది. ఇక తాళంచెవి ఉన్న మనిషి సంతకం కావాలి. ఆయనది వెనక్కి ఇచ్చేశాడు. సూదమ్మ పేరుతో ఉన్నదాన్ని పొద్దున్నే రద్దు చేయించింది. మిగిలింది ఒక్కటే, పైవాటాలో చిన్నోడి దగ్గర ఉంది. పొద్దుటినుంచీ ఇంత రభస జరిగినా ఆ మూలనుంచి ఒక్క అక్షరం రాలేదు.

"నేను వెళ్తా," అంది సూదమ్మ.

పైగది తలుపు తీసే ఉంది. మాడిన అన్నం వాసన. మరిది నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"వదినా, తొందరపెట్టకు. చదువుతున్నా."

"ఎప్పటినుంచి?"

"అన్నయ్య రాసింది వచ్చినప్పటినుంచి. అర్ధచెంచా దిద్దిందొక్కటే కాదు. నీ పేరుతో వెళ్లినవన్నీ మొదటినుంచి చదువుతున్నా."

ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. "నా మాటకు అలిగి పైకి వచ్చేశావనుకున్నాన్రా. ఆ పొయ్యి మాటకి."

అతను అప్పుడు తలెత్తాడు. "నీ ఎగతాళికి నేను ఇల్లు వదులుతానా వదినా? నీ చేతి అన్నం మానేసి రోజూ ఈ మాడు తింటున్నా, చూడు నా అవతారం!"

నవ్వబోయింది. నవ్వు సగంలో చల్లారింది.

"మరి తెలిసీ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ దగ్గర అన్నయ్య పరువు పోతుందని."

"పరువు! నీకూ పరువేనా? లోపల ఏముందో ఎవరూ చూడని సీసా అని నీకు తెలుసు. దాన్ని నా రోగులకు ఎక్కిస్తారనీ తెలుసు. నోరు మూసుకుని పైకొచ్చి అన్నం మాడ్చుకున్నావు. మీ అన్న చదవకుండా సంతకం పెట్టాడు. నువ్వు తెలిసి కూడా చెప్పలేదు. ఇద్దరిలో ఎవరు గొప్పోడ్రా?"

ల్యాప్‌టాప్ మీద అతని వేళ్లు కదలడం మానేశాయి.

కిటికీలోంచి వీధి చివరి టవరు కనిపిస్తోంది. నిచ్చెన మీద ఇద్దరు మనుషులు పైకి పోతున్నారు. ఎంతోసేపు లేదు. సంతకం పెట్టేయరా నాయనా, అనే మాట సూదమ్మ గొంతుదాకా వచ్చింది. పొద్దున్నే మొగుణ్ణి నిలదీసిన నోరే అది. ఆ మాటను బలవంతాన వెనక్కి నెట్టేసింది.

"పూర్తిగా చదివే పెట్టు. మధ్యలో మా ముసలివాళ్ల సంగతి నేను చూసుకుంటా," అని దిగిపోయింది.

కింద ఆవిడ పనులు పంచేసింది. మీటలున్న ఇళ్లలో సగానికి పైగా తోడు మనుషులున్నారు, వాళ్లకు ఫోనులో చెప్పింది. ఒంటరివాళ్లు ముగ్గురు. అత్తగారిని మోకాళ్లు పడిపోయిన టీచరమ్మ ఇంటికి పొమ్మంది.

"ఏం మాట్లాడను ఆవిడతో?"

"మీ కోడలి మీద చాడీలు చెప్పండి. సాయంత్రందాకా సరిపోతాయి."

"అవును, సరిపోతాయి," అని అత్తగారు చెప్పులు వేసుకుంది.

మొగుణ్ణి మలుపులో ఉన్న రిటైరైన డ్రైవరు దగ్గరకు. తను కుట్టు తాత దగ్గరకు. సంచిలో బీపీ పట్టీ, మాత్రలు, సిరంజీలు సర్దుకుంటుండగా, బల్లమీద ఉన్న పాత ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కసారిగా మాయమయ్యాయి. శబ్దమేం లేదు. ఎన్నో ఏళ్లు ఎందరి మాటలో మోసిన నెట్‌వర్కు అలా వెళ్లిపోయింది.

"పోయింది," అన్నాడు ఆయన.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. చిన్నోడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే దిగాడు. అన్నను చూడలేదు, వదినతోనే మాట్లాడాడు.

"అర్ధచెంచా దిద్దింది చదివాను. సరిగ్గానే ఉంది. కానీ సంతకం పెట్టలేదు."

"ఎందుకు?"

"ఇంకో తప్పు దొరికింది. మీట నొక్కితే దానిమీద పచ్చదీపం వెలుగుతుంది కదా, కబురు అందిందని. అది నీకు అందినప్పుడు వెలగడం లేదు వదినా. పక్క కిటికీలో ఫోనుకు చేరగానే వెలుగుతోంది. అక్కణ్ణించి నీదాకా వచ్చిందో లేదో చూడకుండానే, అందింది అని చెప్పేస్తోంది. ముసలాయన ఆ దీపం చూసి నువ్వు వస్తున్నావనే అనుకుంటాడు."

సూదమ్మ మొగుడి వంక చూసింది. ఆ చూపుకు ఆయన తలదించుకున్నాడు, అదీ తనదే అయి ఉంటుందని.

"అన్నయ్యది కాదు," అన్నాడు చిన్నోడు. "నాది. గొలుసు మొదలుపెట్టిన కొత్తల్లో రాశాను. అన్నయ్య చదివాడు. నిజంగానే చదివి సంతకం పెట్టాడు. ఆయనకీ కనబడలేదు, నాకూ కనబడలేదు, తాబేలుకీ కనబడలేదు. పొద్దున అన్నయ్య ఆ నాలుగు ముక్కలు రాయకపోతే ఎవరూ ఇంత లోపలికి చూసేవాళ్లే కాదు. ఎదుటివాడికి తెలియకుండా వాడి తరఫున సరేననే రాత నేనూ రాశాను వదినా. నేనేమో పైకెక్కి కూర్చున్నాను."

చిన్నోడు ల్యాప్‌టాప్ అన్న ముందు పెట్టాడు. "దిద్దాను. నువ్వు చూడాలి."

"నా దగ్గర తాళంచెవి లేదురా."

"తాళంచెవి ఎవరడిగారు? సంతకం సంగతి తర్వాత చూసుకుందాం. చదవమంటున్నా అన్నయ్యా."

ఆయన మెట్టు మీదే కూర్చున్నాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. వేలు ఒక్కొక్క వరుస మీదా ఆగుతూ కిందికి జరిగింది. తమ్ముడు ఊపిరి బిగబట్టి ఆ వేలినే చూస్తున్నాడు. సూదమ్మ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది. బాగుంది అనే ఒక్క మాట ఆయన నోటివెంట వస్తే చాలు, ఇల్లు ఒకటవుతుంది, గొలుసు కదులుతుంది, కుట్టు తాత దీపం నిజం చెబుతుంది.

వేలు ఒకచోట ఆగిపోయింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ అక్కడికే వచ్చింది.

"బాగాలేదురా," అన్నాడు ఆయన.

చిన్నోడి ముఖం విచ్చుకుంది. అన్న పక్కన అదే మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఎక్కడ?"

సూదమ్మ ఇక ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ వీధిలోకి దిగి, డ్రైవరు దగ్గరకు పక్కింటావిణ్ణి పంపి, కుట్టు తాత ఇంటివైపు గబగబా నడిచింది.